ఒక మనిషి తక్కువైతే

క్యాంపస్ లైబ్రరీలో చదివింది మనసులో ఆపుకోలేక, తార్నాక వెళ్ళే బస్సులో పక్కసీటు పెద్దాయనకు చెప్పేశాను. "స్పెయిన్‌లో బిల్బావో అని ఓడరేవు ఉందండీ. అక్కడికి ఫుట్‌బాల్ తెచ్చింది పని కోసం వచ్చిన ఇంగ్లీషు కార్మికులట! కానీ ఊళ్ళోవాళ్ళు ఆటలోకి ఎలా దిగారో ఏ పుస్తకంలోనూ దొరకలేదు."

ఆయన నవ్వాడు. "గదేం పెద్ద ముచ్చట సార్? ఒక మనిషి తక్కువైతే చూస్తున్నోణ్ణి పిలిచి గోల్‌ల నిలబెడ్తరు. నేను గీ క్యాంపస్ హాస్టల్ మెస్‌ల వంట చేస్తుంటి. గీడ చదువుకునే సూడాన్ స్టూడెంట్లు నన్నట్లనే పిలిచిండ్రు. చేతులకంటిన పిండితోనే ఉరికిన."

నేను ఆయన వైపు తిరిగాను. "ఇప్పుడూ ఆడతారా?"

"ప్రతి ఆదివారం పొద్దుగాల, క్యాంపస్ గ్రౌండ్‌ల. ఈసారి ఒకరు తక్కువున్నరు. వస్తరా?" అంటూ తార్నాకలో దిగిపోయాడు.

నలభై ఏళ్ళొచ్చినా నేను బంతి తన్ని ఎరగను. ఆదివారం అందరికంటే ముందే వెళ్ళి గోల్‌లో నిలబడ్డాను.