ఆళ్లగడ్డ పసుపు, నంద్యాల ఎరుపు

జాతకాలు చూపించుకునేవాళ్లతో వాదించి వాదించి నా జుట్టు నెరిసింది. ఆధారం చూపమని అడగడం తప్ప నాకు మరో విద్య రాదు. ఆ విద్య ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తుందని మాత్రం అనుకోలేదు.

నాది నంద్యాల. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మిత్రుడొకడున్నాడు. నల్లరాతిని మిషనుతో కోస్తుంటే లేచే పొడి అతని రేకుల షెడ్డులో పొగలా నిలిచిపోతుంది. ఏడాదిగా దగ్గు. నీళ్లు పోస్తూ కొయ్యమంటే చెక్కడానికి రాతి మీద గీసుకున్న గీతలు చెరిగిపోతాయంటాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే దేవుడి ముందు మొహం దాచుకోగూడదంటాడు.

“నువ్వు చెప్తే ఇంటాడేమో అన్నా,” అని అతని భార్య ఫోను చేసింది.

ఆధారం తీసుకుని వెళ్లాను. ఉపగ్రహం ఏటేటా మా ప్రాంతపు గాలిని చూసి ఇచ్చిన పటాలు. దుమ్ము, పొగ తక్కువైతే పసుపు, ఎక్కువైతే ఎరుపు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు ఎలా ముదిరిందో చూపిద్దామని సగం చెక్కిన నంది వీపు మీద వాటిని వరసగా పరిచాను. అతను చివరిదొక్కటే చూశాడు.

“మాది ఏ రంగు?”

“పసుపు. అయితే...”

“మీది?”

“ఎరుపు.”

సుత్తె కింద పెట్టి పక్క షెడ్ల వాళ్లను కేకేశాడు. “జిల్లా కేంద్రం వాళ్లకిచ్చినారు, గాలి మనకిచ్చినారు. రాండప్పా, చూడండి.”

“పైనుంచి చూసి చెప్పినాక అబద్ధం యాడుంటాది?” అన్నాడు ఒక ముసలి శిల్పి.

పటంలో ఒక్కో గడిలో ఎన్నో ఊళ్లుంటాయనీ, రేకుల కింద ఏముందో ఉపగ్రహానికి కనపడదనీ చెప్పాను.

“కనపడనిదాన్ని ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చినావప్పా?” అన్నాడు మిత్రుడు.

జాతకాన్ని కాదు, ఆధారాన్ని నమ్మమన్నది నేనే. నమ్మాడు. పటాన్ని ఫ్రేము కట్టించి షెడ్డులో తగిలించాడు. గుడ్డ మాట, నీళ్ల మాట ఇక ఎత్తనివ్వలేదు.

చివరికి భార్య పోరు పడలేక ఎక్స్‌రే కోసం నంద్యాల వచ్చాడు. తడి టవాలు కళ్ల కిందిదాకా చుట్టుకుని బస్సు దిగాడు.

“మీ గాలితో నాకెందుకు,” అన్నాడు.

డాక్టరు రెండుసార్లు అడిగితేగాని దాన్ని విప్పలేదు. ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, రెండు వైపులా రాతిపొడి పట్టిందనీ, ఇంకా పీలిస్తే మనిషి దక్కడనీ ఆయన చెప్పాడు.

మిత్రుడు నా వైపు తిరిగాడు. “చూసినావా? పొద్దన దిగితి, మద్యాన్నానికే పట్టుకునె.”

అతని వెంటే బస్సెక్కాను. ఊరు దాటగానే టవాలు విప్పి, నిండుగా గాలి పీల్చి, చాలాసేపు దగ్గాడు. షెడ్డు చేరగానే మిషను చేతిలోకి తీసుకున్నాడు. భార్య నా మొహంలోకి చూసింది.

“ఈరోజు గాలి నంద్యాల వైపు నుంచి వీస్తోంది,” అన్నాను.

ఆకు కదలడం లేదు. నాకు తెలిసి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. అతను గబగబా టవాలు చుట్టుకున్నాడు. ఆ గాలిలో మురికి దేవుడి మీద కూడా పడగూడదని రాతి మీద నీళ్లు పొయ్యమన్నాడు. ఆమె బిందె తెచ్చింది. చెరిగిన గీతల్ని అతనే మళ్లీ గీసుకున్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున ఫోను చేస్తాడు. “ఏమప్పా, గాలి ఎటు పోతాంది?”

“మీ వైపుకే,” అంటున్నాను.