అక్క కొడుకు కోసం రాసిన పాట

మా అక్క కొడుకు ఓడలరేవు దగ్గర సముద్రంలో మునిగి చనిపోయినప్పుడు నేనొక పాట రాశాను. భూస్థాపన రోజున మా చర్చి సంఘం ఆడవాళ్లు దాన్ని పాడారు. ఆ తర్వాత రాజోలు చుట్టుపక్కల ఎవరు పోయినా ఆ పాటే పాడుతున్నారు. రాసింది ఫలానా తెలుగు టీచరని చాలామందికి తెలియదు. తెలియాలని నేనూ అనుకోలేదు.

పోయిన వేసవిలో, పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెట్టే ఆయన ఒకరు ఇంటికొచ్చారు. పాట మీద సర్వహక్కులూ రాసిచ్చేయమన్నారు.

"మరి మా సంఘంలో పాడుకోవచ్చాండీ?" అని అడిగాను.

"ఆయ్, పాడుకోండి. వీడియో తీసి పెడితే మాత్రం మమ్మల్ని అడగాలండి."

గల్ఫులో ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్ల భూస్థాపన ఫోన్లోనే చూస్తారు. ఆ వీడియోను ఎవరో తీసేయిస్తే?

అమలాపురంలో ఒక లాయరుగారిని కలిశాను. ఆయన సంతకానికి ఇచ్చిన కాగితం ఆవిడ చదివారు.

"సంతకం పెడితే హక్కు వాళ్లదేనండి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లనుకుంటుంది. ఈయన శాశ్వతంగా అని రాయించేరు."

"అసలు నాకే వద్దని వదిలేసుకుంటే?"

"అదీ కుదురుతుందండి. బహిరంగ ప్రకటన ఇచ్చి వదులుకోవచ్చు. అప్పుడు ఎవరైనా వాడుకుంటారు."

ఎవరైనా అంటే, ఏ సినిమాలో ఏ వెకిలి సన్నివేశానికి పెట్టుకుంటారో! భయం రెట్టింపయింది. అక్కడినుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. కొబ్బరి చిప్పలు ఎండబెడుతూ అంతా వింది.

"అది మావాడి పాటే. ఏడ్చేవాళ్లు ఎవర్నీ అడక్కుండా పాడుకోవాలి. ఆయన్నీ పాడించుకోనీ. హక్కు మాత్రం నీ దగ్గరే ఉంచుకోవే," అంది.

లాయరుగారు కొత్త కాగితం రాశారు: రికార్డు చేసుకోవడానికి మూడేళ్ల అనుమతి మాత్రమే, హక్కు నాదే, సంఘాల్లో పాడుకున్నా వీడియో తీసుకున్నా ఎవరూ ఆపకూడదు. అది చూసి ఆయన ముఖం చిట్లించుకుని వెళ్లిపోయారు. ఇక మా పాట పేరు మార్చి తనదే అంటాడేమోనని నెలంతా బెంగపడ్డాను. చివరికి ఒప్పుకున్నామని ఫోన్ చేశారు. వెళ్లి సంతకం పెట్టాను.

పాట బాగానే పాడించారు. కింద నా పేరూ వేశారు. ఇప్పుడు ఇంకో దిగులు. నేను పోయాక కూడా చాలా ఏళ్లు ఆ హక్కు ఉంటుందట. ఎవరికి రాసివ్వను? మా అమ్మాయిని అడిగితే, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా," అంటూ మాట మార్చేస్తుంది.