మా మరిది అతుకుల మందు

ఎర్రగుంట్ల నుంచి మా తోడికోడలు ఫోను చేసేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. "అక్కా, ఆయన పలకడంల్యా" అంది. అన్నం తిని, మజ్జిగ తాగి, పడక్కుర్చీలో వెనక్కి వాలి పాట వింటున్నవాడు వింటున్నట్టే ఉండిపోయాడట. పాట ఆగిపోయాక కూడా కదలకపోతే కునుకు పట్టిందనుకుందట. డాక్టరు వచ్చి చూసి, పోయి గంటయిందన్నాడట.

ఫోను పెట్టేసి నేను మొదట ఏడవలేదు. మొదట ఊపిరి వదిలాను. మా మరిదికి ఆసుపత్రంటే భయం. "ఒళ్ళంతా వైర్లు తగిలిస్తారు వదినా, ఆ అతుకులన్నీ యాడ తుడుస్తారు వాళ్ళు?" అనేవాడు. ఒక్క వైరు కూడా తగిలించుకోకుండా, ఇష్టమైన పాట చెవిలో పడుతుండగా వెళ్ళిపోయాడు. మా వంశంలో ఇంత తక్కువ గొడవతో పోయినవాడు మరొకడు లేడు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, రావలసినంత వచ్చింది.

అతను ఐటిఐ చదివి సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చేశాడు. నేను కర్నూలులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. కాబట్టి విద్యుత్తు గురించి మా ఇద్దరికీ పెళ్ళయిన కొత్తల్లో మొదలైన వాదన మొన్నటిదాకా తెగలేదు. నేను పాఠం ఎత్తుకుంటే అతను చేతులు కట్టుకుని విని, చివర్లో ఒకటే మాట అనేవాడు: "పుస్తకంలో కరెంటు నీది వదినా, చేతికి కొట్టే కరెంటు నాది."

ఎవరింటికి వెళ్ళినా మనుషులను పలకరించకముందే టీవీ వెనక్కో రేడియో వెనక్కో పోయేవాడు. చొక్కా జేబులో పెన్ను పక్కనే చిటికెన వేలంత సీసా ఉండేది. దాని మీద ఇంగ్లీషులో కాంటాక్ట్ ఎన్‌హాన్సర్ అని ఏదో రాసుండేది. అతను మాత్రం అతుకుల మందు అనేవాడు. పిన్ను సాకెట్‌లోకి దూరేచోట లోహం మీద సన్నటి చిలుము పడుతుంది, దాని మీద దుమ్ము కూర్చుంటుంది, పాట గరగరమంటుంది, లేదా నీరసపడుతుంది. స్విచ్చి ఆపి, పిన్ను పీకి, పాత పంచె పేలికతో తుడిచి, ఈ మందు ఒక చుక్క పూసి, మళ్ళీ తుడవాలి. "పూసేది తక్కువ, తుడిచేది ఎక్కువ. శానామంది రెండోది మరిచిపోతారు" అనేవాడు. "మందు శబ్దం పెంచదు వదినా. అడ్డం తీస్తాది, అంతే."

మా అమ్మాయి పెళ్ళిలో తలంబ్రాల వేళకు చిన్నాయన కనబడలేదు. వెతికితే మైకుసెట్టు వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, పట్టుపంచెకు గ్రీజు. ఆ తర్వాత గరగర పోయి మైకు స్వచ్ఛంగా పలికింది. దానివల్ల పురోహితుడు ఎన్ని మంత్రాలు మింగేస్తున్నాడో కల్యాణమంటపం మొత్తానికి తెలిసింది.

ఆ మందు మీద నాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు, ఇప్పుడూ లేదు. పోయినవాడిని పొగడాలని అబద్ధం చెప్పలేను. మురికి పిన్నుకూ శుభ్రమైన పిన్నుకూ తేడా ఎవరికైనా వినిపిస్తుంది. శుభ్రమైన పిన్నుకు మందు పూస్తే వయొలిన్ మీద కమాను వెంట్రుకలు కూడా వినిపిస్తాయని అతననేవాడు. నాకు ఏనాడూ వినిపించలేదు. ఆ మాట మొహం మీదే చెప్పాను. "నీకు ఇనపడకపోతే నువ్వు అదృష్టవంతురాలివి వదినా. నాకు ఇనపడకుండా ఉంటే నేను గూడా సుఖంగా నిద్దరపోదును" అన్నాడు. మా వాదనలో అతను గెలవడం అరుదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను రిటైరైనప్పుడు ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకరు డబ్బాలు తన చేత్తో తయారుచేసి తెచ్చి మా హాల్లో పెట్టాడు. రెంటికీ మధ్య నా కుర్చీ ఎక్కడుండాలో గచ్చు మీద సుద్దముక్కతో గీసి మరీ చూపించాడు. ఒక మందు సీసా ఇచ్చి నాలుగు నెలలకోసారి తుడవమన్నాడు. నేను దాన్ని తీసుకెళ్ళి అల్మరాలో హోమియోపతి మాత్రల పక్కన పెట్టాను.

రెండేళ్ళ కిందట ఒక పండుగ ముందు ఇత్తడి పూజ సామాన్లు తోముతున్నాను. చింతపండు పిప్పి చేతిలో ఉంది. మా సెట్టు పిన్నులు కూడా ఇత్తడివే కదా అనిపించింది. చిలుము చిలుమే, పులుపు పులుపే, ఇందులో సీసా గొప్పేముంది? ఆ పిన్నులు పీకి చింతపండుతో తోమితే బంగారంలా మెరిశాయి. రసాయనశాస్త్రం ప్రకారం నేను చేసినదాంట్లో తప్పు లేదు. కాకపోతే చెంబును తోమాక నాలుగు నీళ్ళు పోసి కడుగుతాం. పిన్నును కడగలేం. తడిగుడ్డతో అలా ఒకసారి తుడిచి, పెట్టేశాను. తుడిచేది ఎక్కువ అన్న మాట అప్పుడు గుర్తుకు రాలేదు.

వానలు మొదలయ్యాక నా ఎడమ చెవి మందగించింది. రోజూ భోజనమయ్యాక వినే వయొలిన్ కుడివైపు మాత్రమే పలుకుతోంది. మొదట నీరసంగా, తర్వాత అసలు లేదు. ఎడమ స్పీకరు పోయిందేమోనని అనుమానం రావలసిన మనిషిని, ముప్పై ఏళ్ళు పిల్లల చేత ప్రయోగాలు చేయించిన మనిషిని. అయినా రాలేదు. ఎందుకంటే నేను ఆ వార్త కోసం అప్పటికే ఎదురుచూస్తున్నాను.

మా అమ్మకు డెబ్బయ్యో ఏట చెవులు పోయాయి. మొదట్లో మేం అరిచి చెప్పేవాళ్ళం. అరిచి అరిచి విసుగొచ్చి చెప్పడం మానేశాం. మేం నవ్వితే ఆమె మా మూతుల వంక చూసి తానూ నవ్వేది, ఎందుకో తెలియకుండానే. చెప్పడం మానేసినవాళ్ళలో మొదటిదాన్ని నేనే. అందుకని నాకు డెబ్బై దాటినప్పటి నుంచి ఎవరైనా ఒక మాట మెల్లగా అంటే గుండె జారేది. వినిపించనివన్నీ లెక్కలోకి వచ్చేవి, వినిపించినవి వచ్చేవి కావు. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాను కనుక ఆ దారిన కూడా నిజం తెలియలేదు. చెవి డాక్టరు దగ్గరికని రెండుసార్లు ఆటో ఎక్కాను. రెండుసార్లూ ఊరి పాత బురుజు దగ్గర దిగి కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. మా ఆయనకు పేపరు చేతిలో ఉంటే ఇంటి కప్పు లేచిపోయినా తెలియదు, ఇక స్పీకరు సంగతి ఏం తెలుస్తుంది?

ఆ ఆశ్వయుజంలో మరిది పింఛను పని మీద కర్నూలు వచ్చాడు. అలవాటు ప్రకారం వయొలిన్ పెట్టాడు. ఒక్క క్షణం విని నా వైపు చూశాడు. నేను మెడ పక్కకు వంచుకుని కూర్చుని ఉన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి వదినా, ఇట్ల వింటాండావు?"

మా ఆయన స్నానానికి వెళ్ళాడని చూసుకుని చెప్పేశాను. "ఎడమ చెవి పోయిందప్పా. మీ అన్నకు చెప్పొద్దు. మీ ఆడమనిషికి అసలే చెప్పొద్దు."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఒకసారి లెయ్" అన్నాడు. లేచాను. కుర్చీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పి, గోడ వైపు మొహం పెట్టించాడు.

"కూచో. కండ్లు మూసుకో."

కూర్చున్నాను. వయొలిన్ నా ఎడమ చెవిలోకి వచ్చింది. సన్నని పై స్వరాలతో సహా, ఎక్కడా అరగకుండా వచ్చింది. ఎంతసేపు అలా గోడవైపు తిరిగి కూర్చున్నానో తెలియదు. నాకప్పుడు కన్నీళ్ళు కారుతున్నాయి. మొహం గోడవైపు ఉండటం ఎంత మేలు.

వెనక నుంచి అతని గొంతు. "చెవి బాగుండాది వదినా. పిన్నుకే చెవుడొచ్చింది."

కుర్చీ తిప్పితే పలికే కుడి స్పీకరు ఎడమ చెవి వైపుకు వస్తుంది, అంతే. నాలుగో తరగతి పిల్లవాడికి తట్టే ప్రయోగం. నాకెందుకు తట్టలేదని అడిగితే, "భయమున్నోళ్ళు పరీక్ష చెయ్యరు వదినా. ఫెయిలైతామని" అన్నాడు. నా ఉద్యోగకాలంలో ఇంతకంటే మంచి మాట ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు.

తర్వాత స్విచ్చి ఆపి ఎడమ పిన్ను పీకి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. మొదలంతా పచ్చగా బూజులాగా పట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీనికేం పూస్తివి?"

"ఏం పూస్తాను, దుమ్ము."

"దుమ్మా?"

"దుమ్మే. కర్నూల్లో దుమ్ముకేం తక్కువ?"

అతను ఆ పిన్నును అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఫ్యాక్టరీ దుమ్ము ఈడిదాకా వచ్చినట్టుండాది" అని, అగ్గిపుల్లకు పేలిక చుట్టి గీకడం మొదలుపెట్టాడు. మా ఆయన స్నానం చేసి వచ్చి "ఏమైంది?" అంటే, "ఏంల్యాదన్నా, వైరు కొంచెం వదులైంది" అన్నాడు.

దుమ్మని నేనాడిన అబద్ధం నన్ను రెండేళ్ళు కుట్టింది. పోయిన నెల ఎర్రగుంట్ల వెళ్ళినప్పుడు వాళ్ళావిడ వంటింట్లో ఉండగా చెప్పేశాను. "ఆ పిన్నుకు నేను చింతపండు పూశానప్పా."

"తెల్సు."

"ఎప్పుడు తెలుసు?"

"ఆ పొద్దే. పచ్చిపులుసు వాసన వస్తాంటే నాకు తెల్దా?"

"మరి అడగలేదేం?"

"అడిగితిని కదా. నువ్వు దుమ్మంటివి. పెద్దదానివి, దుమ్మంటే దుమ్మే." వంటింటి వైపు ఒకసారి చూసి, "చెవి పోయిందని అన్ని నెలలు మోసింటివి. దాని మీద ఇది గూడా యాడ పెడ్తును?" అన్నాడు.

పోయిన నెల చెప్పాను. ఈ నెల చెబుదామనుకుని ఉంటే ఏమయ్యేదో. అది తలచుకున్నప్పుడల్లా మళ్ళీ ఊపిరి వదులుతున్నాను.

మా ఇంట్లో దాచిన మాట మూడు పూటలు నిలవదు. ఒకరు జారిపడితే పది పెళ్ళిళ్ళదాకా చెప్పుకుని నవ్వుతారు. దినాల్లో అందరూ చేరారు. మరిది చేసిన తమాషాలన్నీ తవ్వి తీశారు, మైకుసెట్టు వెనక గ్రీజు పంచె కూడా వచ్చింది. కుర్చీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను జాగ్రత్తగా తోడికోడలిని కదిపి చూశాను, "మా సెట్టు ఒకసారి బాగుచేశాడే, చెప్పాడా?" అని. "వైరు వదులైందంట కదక్కా" అంది. నలభై ఐదేళ్ళు కాపురం చేసిన పెళ్ళానికి కూడా వదులైన వైరే చెప్పాడు.

మర్నాటి సాయంత్రానికి బంధువులు వెళ్ళిపోయారు. ఆమె, నేను వసారాలో మిగిలాం. ఆమె నా ఎడమపక్కన కూర్చుని మెల్లగా ఏదో మొదలుపెట్టింది. ఇంతలో ఇంటి ముందు పట్టాల మీద సిమెంటు మూటల గూడ్సు వచ్చింది. ఆ ఊళ్ళో గూడ్సు వస్తే మాటను ఉన్నచోటే ఆపి, పోయాక అందుకుంటారు. డబ్బాలు కుడివైపు నుంచి వచ్చి, మా ముందు ధడధడలాడి, ఎడమవైపు మలుపు తిరిగాయి. గూడ్సు పోయిందనుకుని ఆమె నోరు తెరిచింది. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. చాలా దూరంలో, ఎడమవైపే, ఆఖరి డబ్బా చక్రాలు పట్టాల అతుకుల్ని ఒక్కొక్కటిగా తడుతూ పోతున్నాయి. ఆ చప్పుడు కూడా ఆగేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాం.