గంజిలో కలిపిన సోడా

మొన్న ఆదివారం ఊర్జానగర్ కరెంటు కేంద్రంలో ఉద్యోగం చేసే ఒక ఇంజనీరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, తాను తుక్కు బేరానికి కొన్న పాతకాలపు మోటారుకారు ఒంటి మీది రంగును ఎలా తీయించాలో చెప్పమని అడిగాడు. ఇసుక చిమ్మించాలా, మందు పూయాలా, మంటతో కాల్చాలా, చేత్తో గీకించాలా అని నాలుగు దారులూ తన ఫోనులో చూపించాడు. ఆయన మర్యాదగానే అడిగాడు, నేనూ మర్యాదగానే చెప్పి పంపాను గాని, వెళ్ళాక చాలాసేపు నా మనసు కుదుట పడలేదు. ఎనభై ఏడేళ్ళవాణ్ణి, మరిచిపోవలసినవి చాలానే మరిచిపోయాను. ఇది మాత్రం మరిచిపోలేదు, మరిచిపోదలచుకోలేదు కూడా.

రాష్ట్రాల సరిహద్దులు కొత్తగా గీసిన ఏడు అది. నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వార్ధా నదికి అవతల ఉన్న మా రాజురా అంతవరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. కచేరీలో ఉర్దూ, పొలాల్లో మరాఠీ, మా ఇంట్లో తెలుగు, దేని దారి దానిదిగా నడిచేవి. ఉన్నట్టుండి మీరిక బొంబాయి రాష్ట్రం అన్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, కాని నా అసలు కోపం దాని మీద కాదు.

నేను అప్పటికి అయిదేళ్ళుగా చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, మా అక్క ఇంట్లో ఉంటూ, మా బావ నడిపే రంగుల షెడ్డులో పనిచేస్తున్నాను. బడి చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు రంగు డబ్బాల మీద చూసి నేర్చుకున్నాను; తుక్కు బజారులో తూకానికి కొన్న అట్టలేని మోటారు పుస్తకం ఒకటి, తెలియని మాటకల్లా ఎవరో ఒకరి కాళ్ళావేళ్ళా పడి అర్థం అడుగుతూ, రెండేళ్ళపాటు చదివాను. నా కోరిక ఒక్కటే, మేస్త్రీ అనిపించుకోవాలని. మా షెడ్డులో ఆ మాట ఊరికే వచ్చేది కాదు. పాత రంగు తీసి, బయటపడ్డ రేకుకు ఎర్రటి తొలిపూత పూశాక, అది తడిగా ఉండగానే బానెట్టు లోపలివైపు, ఎవరికీ కనబడని మూల, ఆ పని ఏ పద్ధతిలో చేయాలో నిర్ణయించినవాడు తన బొటనవేలు ఒత్తేవాడు. తరవాత రంగు పొంగినా, పెచ్చులూడినా పూచీ ఆ వేలిదే. బావ వేలు తప్ప మరొకరి వేలు ఆ షెడ్డులో పడి ఎరగదు.

రాజురాలో పత్తి వ్యాపారం చేసే ఒక తెలుగు సావుకారుకు, పాత జాగీర్దారు దగ్గర కొన్న పెద్ద కారు ఉండేది. ముదురాకుపచ్చ రంగు, తలుపుల మీద జాగీరు ముద్ర. కొత్త రాష్ట్రం తరఫున వచ్చే పెద్ద అధికారిని అందులో ఎక్కించుకుని తిప్పాలని ఆయన ముచ్చట. ఆ ముద్ర ఆనవాలైనా మిగలకుండా రేకు దాకా తీసేసి మీగడ రంగు వేయమని, పన్నెండు రోజులు గడువు పెట్టి కారు మా షెడ్డులో వదిలి వెళ్ళాడు.

నేను ఆ కారు చుట్టూ ఒక పూటంతా తిరిగి, అంగుళం అంగుళం తట్టి చూశాను. మంట పెడితే పలచని రేకు వంకర్లు పోతుంది, అతుకుల్లో నింపిన సీసం కారిపోతుంది. అది బావకూ తెలుసు. ఇసుక చిమ్మే యంత్రాలు అప్పటికి మా వైపు రాలేదు. ఇక మిగిలినవి రెండు. ఇనప బిళ్ళతో గీకి, నీళ్ళ కాగితంతో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, రుద్దడం ఒకటి, దానికి ఇరవై రోజులు కావాలి. సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడాను చిక్కటి గంజిలో కలిపి పూయడం రెండోది. గంజి వల్ల సోడా జారకుండా పట్టుకుంటుంది, పూట తిరిగేసరికి రంగంతా పాలమీగడలా ముడుచుకుని వస్తుంది. ఇనప గేట్లకు మేం చేసేది అదే. కాని ఈ కారుకు రేకు కింద కట్టె చట్రం ఉంది, ఒళ్ళంతా మడతలున్నాయి.

"బావా, మడతలల్ల సొచ్చిన సోడా ఎంత కడిగినా పోదు. లోపలి కట్టె పీల్చుకుంటది, వానలు పడంగనే బయటికి కక్కుతది. గీకుదాం. సావుకారును ఇంకో రెండు వారాలు అడుగుదాం" అన్నాను.

"ఏందిరో, డబ్బాల మీది రాతలు సదివి నాకే సెప్పేటోనివైనవా? నువ్వు గీకుకుంట కూసుంటే, కారు తయారయ్యేసరికి ఆ సాహెబుకు పింఛనొస్తది!"

పోనీ, కడిగాక పుల్లటి నీళ్ళతో మూడుసార్లు తుడుద్దాం, పులుపు సోడాను చంపుతుందని పుస్తకంలో ఉంది, ఇంకేమీ దొరక్కపోతే చింతపండైనా పిసుకుదాం అని బతిమాలాను. "చింతపండు పులుసు కారుకారా, చారుకా?" అని బావ అంటే షెడ్డంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆవిడ గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ గంజి కాచింది ఆవిడే, మా వాదన మొదటినుంచి చివరిదాకా విన్నదీ ఆవిడే.

సోడాయే పూశారు. రెండు బకెట్ల నీళ్ళతో కడిగి కడిగామనిపించారు. తొలిపూత పడ్డాక బావ నన్ను పిలిచి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఇయాల నీ ఏలు ఎయ్యిరా. నేటిసంది నువ్వు మేస్త్రీవి" అన్నాడు. నేను వద్దన్న పద్ధతికి నా వేలెందుకు అని అడగవలసింది. అడగలేదు. అయిదేళ్ళుగా ఎదురుచూసిన మాట చెవిన పడేసరికి గర్వంగా ఒత్తాను. నా జీవితంలో నేను చేసిన తప్పు అదొక్కటే అనను గాని, అంత ఖరీదైన తప్పు మరొకటి లేదు.

మీగడ రంగులో కారు నిగనిగలాడుతూ రాజురా వెళ్ళింది, అధికారీ ఎక్కాడు, దండలూ పడ్డాయి. మొదటి వానలు కురిసిన వారానికి సావుకారు కారుతో సహా వచ్చి, మా షెడ్డు ముందు దిగి, బావను నిలదీశాడు.

"ఏమయ్యా మేస్త్రీ, నా కారుకు అమ్మవారు పోసినట్టున్నదేంది?"

నిజంగానే అలాగే ఉంది. ప్రతి మడత పక్కనా పొక్కులు, చిదిపితే జిడ్డు నీళ్ళు. బావ బానెట్టు ఎత్తి, లోపలి మూల చూపించాడు. "ఈ ఏలు నాది కాదు సావుకారూ. పుస్తకాలు సదివిన మా బామ్మర్దిది. నేను గీకుదామంటే ఇననేలేదు."

నేను నోరు తెరిచి, వద్దని మొత్తుకున్నది నేనేనని, కావాలంటే అక్కను అడగమని అన్నాను. సావుకారు న్యాయమైనవాడే, గుమ్మంలో ఉన్న అక్కవైపు తిరిగి అడిగాడు. అక్క కొంగు సవరించుకుంది. "గంజి కాయమంటే కాసిన. ఎవరేమన్నరో నాకేం ఎరుక?" అని లోపలికి వెళ్ళిపోయింది.

బావ చేసినదాన్ని నేను ఎప్పుడో అర్థం చేసుకున్నాను. షెడ్డు నిలవాలి, పేరు నిలవాలి, నన్ను ముందే బలిపశువుగా ఎంచుకున్నాడని నా గట్టి నమ్మకం. కాని నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి అలా అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ కబురు ఊరంతా పాకింది. చాందాలో ఏ షెడ్డువాడూ మళ్ళీ నా చేతికి కారు ఇవ్వలేదు. బొగ్గుగనుల దగ్గర గేట్లకూ తొట్లకూ రంగులు వేసి పిల్లలను పెంచాను. ఎవరి దగ్గరా చేయి చాచలేదు, అయినా మేస్త్రీ అని నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు.

బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్కతో రాకపోకలు మానలేదు. రాఖీ కట్టేది, నేను కట్టించుకునేవాణ్ణి. ఒక్కసారైనా, పిల్లల ముందైనా, ఆ రోజు తమ్ముడు వద్దన్నాడని అంటుందేమోనని ప్రతి ఏడూ ఎదురుచూశాను. నాలుగేళ్ళ కిందట ఆ మాట అనకుండానే కన్నుమూసింది. ఇప్పుడు కాలం మారింది. మడతలున్న రేకుకు సోడా తగిలించకూడదని కొత్తగా పని నేర్చుకునే కుర్రవాళ్ళు కూడా చెబుతారు, తాతా నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమని తలలూపుతారు. నిజమే. కాని వాళ్ళెవరూ ఆ రోజు ఆ గుమ్మంలో నిలబడి లేరు.