ఈశాన్యం మూల చుక్క

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. తిరుత్తణిలో మా అత్తగారు దిష్టి తీయడానికి ఉప్పు, మిరపకాయలు తెస్తే, కూరలోకైనా పనికొస్తాయి దాచమని చెప్పి తిట్లు తిన్నదాన్ని. అలాంటి నేను ఇది చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో మా ఆయనకు అండమాన్‌కు బదిలీ అయింది. మద్రాసులో ఓడ ఎక్కి వెళ్లాం. ఇంటి ముందు కొబ్బరిచెట్లు, వాటి వెనక పచ్చటి సముద్రం. చూసినవాళ్లంతా స్వర్గం అన్నారు. నాకు మాత్రం అక్కడ ముగ్గు వేయబుద్ధి కాలేదు.

అది చిన్న విషయం కాదు. కడంబత్తూరులో నన్ను పెంచింది మా అవ్వ. ఎడమచేతివాటం మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక చుక్కలైతే పెట్టేది కానీ గీత లాగలేకపోయేది. ఆ చుక్కల చుట్టూ మెలికలు తిప్పి కలపడం నా పని. ఆమె పెట్టిన వరసలు ఎప్పుడూ కాస్త కుడివైపుకు ఒరిగి ఉండేవి. అవ్వ చుక్కలు లేకపోతే నా చెయ్యి ఆడదని దీవికి వెళ్లాకే తెలిసింది. పిండి పట్టుకుని కూర్చుంటే ఏమీ తోచేది కాదు, ఏడుపొచ్చేది. ఇక ఈ చెయ్యి పోయినట్టే అనుకున్నాను.

మావైపు పెద్ద పండగ ఆడికృత్తిక. ఆ రోజు పొద్దున తలుపు తీశాను. అప్పుడే వాన వెలిసింది. వరండా అంచున చుక్కలు పెట్టి ఉన్నాయి. బియ్యప్పిండి చుక్కలు, కుడివైపుకు ఒరిగిన వరసలు. మా ఆయన ఇంకా నిద్ర లేవలేదు. తడి మట్టిలో అడుగుల జాడ ఒక్కటీ లేదు.

భయపడాల్సిందే. ఎందుకో భయం వేయలేదు. కూర్చుని కలిపాను. చెయ్యి దానంతటదే నడిచింది. ఎన్ని నెలలకో కడుపు నిండినట్టయింది. తీరా చూస్తే ఈశాన్యం మూల ఒక చుక్క గీతకు బయటే ఉండిపోయింది. మావైపు అలా చుక్క వదిలేయడం తప్పు. దిద్దేలోపే జల్లు కొట్టి మొత్తం కరిగిపోయింది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

మరుసటి ఏడు సెలవుకు కడంబత్తూరు వెళ్లాను. అవ్వ దగ్గరే ఉండే మా అక్క మాటల్లో చెప్పింది.

"పోయిన ఆడికృత్తికకు అవ్వ చుక్కలు పెట్టి, నన్ను కలపొద్దనింది. చిన్నది కలుపుతాది, ఉండు అనింది. నేను నీళ్లు పోసుకోని వచ్చేలోపల ముగ్గు కలిపేసి ఉండాది. ఎవరేసినారో ఈపొద్దుకీ తెలీదు."

మంచం మీదున్న అవ్వ నా చెయ్యి పట్టుకుని వేళ్లు తడిమింది.

"ఏమ్మే, ఈశాన్యం మూల చుక్క వదిలేసినావు గదా. చెయ్యి మర్చిపోయినావా?"

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఇది అంతుపట్టలేదు. ఇప్పుడు చుక్కలూ నేనే పెట్టుకుంటాను. ఆ మూల చుక్కను చుట్టాకే మిగతావి మొదలుపెడతాను.