అత్త నీళ్లు పోసిన జాడీ

నేను కాపురానికి వచ్చిన కోడుమూరు ఇంట్లో జాడీలన్నీ మా అత్తవే. మట్టికుండలో ఊరగాయ పెడితే ఉప్పు బయటికి ఉబికి కుండ పెచ్చులూడేది. జాడీకి ఆ బాధ లేదు. అందుకే వాటిని ఆమె తన పడక పక్కనే పెట్టుకునేది. మూత ఆమే తీయాలి, ఆమే వడ్డించాలి. కొడుకులకు రెండోసారి వేసేది. నేను అడిగితే, "పుట్టింట్లో ఇదే తినేదానివా?" అనేది.

యుద్ధం రోజులవి. నూలు దొరక్క మా మగ్గాలు ఊరికే పడి ఉండేవి. సంగటిలోకి పప్పు లేదు, ఊరగాయే దిక్కు. ఒకరోజు గోంగూర తొక్కు కాస్త వడ్డించమంటే, దానికి బదులు ఉప్పు రాయి నా ముందు వేసింది అత్త.

డోన్ స్టేషన్లో మూటలు మోసే మా అన్నకు ఈ సంగతి చెప్పాను. రైలులో వచ్చిన సరుకులో ఒక జాడీ కొని, గడ్డిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బండిలో తెచ్చాడు. పైన బెల్లంరంగు, కింద తెలుపు. ఒక పక్కకు కాస్త వంగి ఉండేది. లోపల చెయ్యి పెడితే చేసినవాడి వేళ్ల గీతలు తగిలేవి.

అత్త గుమ్మంలోనే నిలేసింది. "ఏమప్పా, మా ఇంట్లో తినేకి లేదని చెప్పిందా నీ చెల్లెలు?"

"లేదత్తా, ఊరికే తెచ్చినా" అని మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు అన్న.

చింతకాయలు దంచి, ఉప్పు, పసుపు కలిపి ఆ జాడీ నింపాను. కొన్నాళ్లకు మూత తీస్తే తొక్కు మీద తెల్లగా బూజు, పైన నీళ్లు తేలుతున్నాయి.

"అత్తా, దీంట్లో నీళ్లెవరు పోసినారు?"

ఆమె చాటలో కొర్రలు చెరుగుతోంది. తల ఎత్తలేదు. "నేనే పోసినా. ఏం చేస్తావు?"

ఆ పూట వడ్డన నేనే చేస్తానన్నాను. మా మామ, అత్త, మా ఆయన, మరిది అందరూ కూర్చున్నారు. అత్త కంచంలో సంగటి ముద్ద పెట్టి, దాని పక్కన ఆ బూజు తొక్కు గరిటెడు వేశాను. కంపు అందరికీ తెలిసింది.

"ఏందే ఇది?" అన్నాడు మామ.

"అత్త చేతి తొక్కు మామా."

కంచం నా మొహాన కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా కళ్లలోకి చూస్తూ ముద్ద ముద్దకూ తొక్కు అద్దుకుని మొత్తం తినేసింది. వేళ్లు కూడా నాకింది. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అత్త మీదికంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

"చాలు ఇంగ. రేపట్నించి పొయ్యిలు రెండు" అని మామ లేచిపోయాడు.

జాడీని బూడిదతో తోమి ఎండలో పెడితే కంపంతా పోయింది. నా పొయ్యి దగ్గర మళ్లీ తొక్కు పెట్టాను. నడవ మధ్యలో గోడ లేచింది. ఆ గోడకు ఆవల నుంచి ఆమె తిట్టేది, ఈవల నుంచి నేను తిట్టేదాన్ని.

కొన్నేళ్లకు, మరిది పెళ్లి కూడా అయ్యాక, అత్త మంచం పట్టింది. మరిది పెళ్లాం పుట్టింటికి వెళ్లిన రోజుల్లో నేను గంజి తీసుకెళ్లాను. నా చేతిలోని గిన్నె చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. "తాగితే తాగు, లేకుంటే మాను" అని గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. ఆమె తాగలేదు. ఆమె పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. నేను ఏడవలేదు.