గొళ్లెం చెరిపిన అక్షరం

నేను షిఫ్టుల్లో పనిచేసే కంట్రోల్ రూములో తెల్లబోర్డు మీద రాసే మార్కరు మూత తీసినప్పుడల్లా ఘాటైన స్పిరిట్ వాసన వస్తుంది. నిన్న ఆ మార్కరుతో మా కుర్ర ఇంజనీరు ఒకడు రాత్రి డ్యూటీ వారి పేర్ల పైన ‘నైట్’ అని ఇంగ్లీషులో రాశాడు. మధ్యలోని జి, హెచ్‌లను వదిలేసి, చివర ఒక ఈ తగిలించాడు. సరిదిద్దబోయి కూర్చుండిపోయాను. వారం రోజులుగా పగటి నిద్ర లేని కళ్ళకు ఆ మాట వెనుక గోదావరిఖనిలో మేము పెరిగిన కంపెనీ క్వార్టరు తలుపు కనిపించింది.

ఆ క్వార్టర్లు వరుసగా, గోడకు గోడ ఆనుకొని ఉండేవి. వాటిని లైన్లనేవాళ్ళం. తెల్లవారగానే ప్రతి గుమ్మం ముందు బొగ్గు పొయ్యి రాజుకునేది. దాని పసుపుపచ్చ పొగ రేకుల కప్పుల కింద చాలాసేపు తేలుతూ, ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని పాల మీద, పిల్లల కనురెప్పల మీద సన్నని నల్లని నుసిగా దిగేది. మూడు షిఫ్టుల మనుషులూ ఒకే లైనులో ఉండేవారు కనుక ఏ వేళ చూసినా ఏదో ఒక తలుపు వెనుక ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉండేవారు.

నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు భూగర్భ గనిలో హాలేజి ఇంజను నడిపేవాడు. బొగ్గు నిండిన టబ్బులను ఉక్కుతాడుతో ఏటవాలు దారి వెంట పైకి లాగే ఇంజను అది. తాడు నడుస్తుండగా ఒక గంట మోగితే ఆపమని అర్థం. ఆ వానకాలం చివర ఒక రాత్రి ఆ గంట ఆయనకు ఆలస్యంగా వినిపించింది. టబ్బులు పట్టాలు తప్పి బోర్లాపడ్డాయి. ఎవరూ అడ్డంగా లేకపోవడం వల్ల ప్రాణాలు దక్కాయి. పొద్దున ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చొని, అన్నం కలపకుండానే అవ్వతో అన్నాడు.

“కన్నంటుకున్నదే. ఇంకోపాలి అంటుకుంటె ఎవని పానం పోతదో.”

ఆనాటి నుంచి ఆయన పగటి నిద్రను కాయడమే మా అవ్వకు అన్నిటికన్నా పెద్ద పని అయింది.

సరిగ్గా అప్పుడే బతుకమ్మ సెలవులు వచ్చాయి, ఆయనకు మళ్ళీ నైట్ షిఫ్టు వారం వచ్చింది. బడి లేని పిల్లలందరూ లైను మధ్యనే చిర్రగోనె ఆడేవారు. పండుగ చివరి రోజు నైవేద్యమైన సద్దుల కోసం నువ్వులూ పల్లీలూ దంచే రోకళ్ళ చప్పుడు, మలీదకు రొట్టెలు నలిచే ఇంటినుంచి నెయ్యి వాసన, పక్క క్వార్టరు ముందు, తన షిఫ్టు లేని వేళల్లో పాత స్కూటర్లు బాగుచేసే ఖాజా మామ సుత్తి దెబ్బలు, అన్నీ ఒకేసారి తలుపు దాటి లోపలికి వచ్చేవి. ఒకరు బెల్లం కోసం, ఒకరు జల్లెడ కోసం తలుపు కొట్టేవారు. కొట్టినప్పుడల్లా బాపు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క సుద్దముక్కతో తలుపు మీద ఇంగ్లీషులో ‘నైట్ షిఫ్ట్’ అని రాసింది. కంపెనీ హెచ్చరిక బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి కాబట్టి ఆ అక్షరాలకు జనం భయపడతారని దాని లెక్క. ఎవరూ భయపడలేదు. అయితే ఆ తలుపుకు, అంచునుంచి జానెడు లోపల, గొలుసు గొళ్లెం వేలాడుతుండేది. తలుపు తీసి మూసినప్పుడల్లా ఆ గొలుసు ఊగి, దాని కొసనున్న కొక్కెం చెక్కను రాసుకునేది. అది ఊగే మేర దాదాపు ఒక అక్షరం వెడల్పు. అవ్వ రెండుసార్లు నీళ్ళకు పోయి వచ్చేసరికి షిఫ్టులోని ఎఫ్ తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవన్నీ చెక్కుచెదరలేదు. ఎఫ్ లేకుండా చదివితే అది దొడ్డికి పోవడాన్ని ఇంగ్లీషులో మోటుగా చెప్పే మాట.

మొదట చదివినవాడు ఖాజా మామ. విడిభాగాల డబ్బాల మీది రాత చదివీ చదివీ ఆయనకు ఇంగ్లీషు పట్టుబడింది. పానా అడగడానికి వచ్చి, తలుపు ముందు ఆగి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

“క్యా చెల్లె, లచ్చన్న రాత్రి పోయేది డ్యూటీకా, దొడ్డికా?”

“గదేం మాటనే అన్నా?” అని అవ్వ, అర్థం చెప్పించుకొని, కొంగుతో మిగతాది కూడా తుడవబోయి ఆగింది. ఖాజా మామ పిల్లలు అప్పటికే వార్త మోసుకుపోయారు. లైనులోని పిల్లలందరూ మునివేళ్ళ మీద నడుస్తూ వచ్చారు. బాపు లేస్తే దాన్ని చెరిపేస్తాడని వాళ్ళ భయం. అందుకని ఒకరి నోరు ఒకరు మూసుకుంటూ నవ్వారు, జల్లెడకు వచ్చిన ఆమెను సైగలతోనే వెనక్కు పంపారు. మామ సుత్తి పని సాయంత్రానికి వాయిదా పడింది. ఆ రోజు బాపు పొద్దుగూకేదాకా కదలకుండా నిద్రపోయాడు.

గనిలో మాత్రం ఆయనను ఏడిపించారు. మరునాడు పొద్దున వచ్చి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నలుగురిలో మాటపడని మనిషి. అక్క గోడకు అంటుకుపోయింది.

“ఏ అచ్చరం పోయిందే?”

“ఎఫ్ బాపూ. ఇప్పుడే రాస్త.”

“నిన్న ఒక్కలన్న తలుపు గొట్టిన్రా?” అని అవ్వను అడిగాడు. లేదని ఆమె తల ఊపింది. బాపు టోపీ తీసి, గడప మీద కూలబడి, బూట్లు విప్పుకుంటూ అన్నాడు.

“అయితె గది రాయకు బిడ్డా. నవ్వెటోల్లను నవ్వనీ. రాత్రి నాకు గంట జల్ది ఇనవడ్డది.”

ఆ తరువాత అక్క ఎఫ్ ఉండవలసిన చోటును కావాలనే ఖాళీగా వదిలేది. మిగిలిన తలుపుల మీద కూడా, ఇంట్లో నైట్ షిఫ్టు ఉన్న వారాల్లో, రకరకాల తప్పులు పుట్టుకొచ్చాయి: ఖాజా మామ కూతురు ఎన్‌ను అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాసింది, ఇంకొకరు రెండు మాటలనూ కలిపి ఒకే పొడుగాటి మాట చేశారు. పిల్లలు పొద్దున్నే చప్పుడు లేకుండా తలుపు తలుపునా తిరిగి వాటిని చదువుకునేవారు.

ఆ గని మూతపడింది. లైన్లను పడగొట్టి, పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గని మట్టిని అక్కడే గుట్టగా పోశారు. ఖాజా మామ కుటుంబం బెల్లంపల్లికి వెళ్ళిపోయింది. బాపు పోయి కూడా చాలా ఏళ్ళయింది. నా ఫ్లాటు కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించాను, మందపాటి తెరలున్నాయి. ఎదుటి ఫ్లాటువారికి నేను ఏ షిఫ్టులో ఉన్నానో తెలియదు, వాళ్ళ పిల్లల పేర్లు నాకు తెలియవు. ఈ పొద్దున డ్యూటీ దిగి వచ్చి తొమ్మిదింటికే పడుకున్నాను. బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాలేదు. మధ్యాహ్నం దాకా కళ్ళు మూసుకొని అలాగే ఉన్నాను. తలుపు అవతల నవ్వు ఆపుకుంటూ నిలబడిన వారెవరూ లేరు.